హలపేఞో అనడానికి మన ఞ చాలు

ప్రశ్న: నమస్కారమండీ. మాది తెనాలి. ఇరవై ఎనిమిదేళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. పోయిన నెల అందరం ఒక మెక్సికన్ హోటల్‌కి వెళ్ళాం. కౌంటర్ దగ్గర బోర్డు చూసి నేనే ఆర్డర్ చెప్పాను, "క్వెసడిల్లా ఒకటి, జలపెనో వేసి" అని. తొమ్మిదేళ్ళ మనవడు పకపకా నవ్వేశాడు. "అమ్మమ్మా, కేసడీయా! హాలపేన్యో!" అన్నాడు. కౌంటర్లో అమ్మాయి కూడా నవ్వింది. ఇన్నేళ్ళు పిల్లల ఉచ్చారణ దిద్దినదాన్ని, తల కొట్టేసినట్టయింది. అప్పటి నుంచి బయట తిందామంటే తలనొప్పి అని తప్పించుకుంటున్నాను. మా అమ్మాయి "వేలితో చూపిస్తే వాళ్ళే ఇస్తారమ్మా, ఎందుకు టెన్షన్" అంటోంది. అసలు ఈ మాటలు ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయి? రెండు ఎల్‌లు ఉంటే 'య' అనడం ఏ వ్యాకరణం? అరవై రెండేళ్ళ వయసులో ఇవన్నీ నేర్చుకోగలనా?

— ఒక రిటైర్డ్ టీచర్, ప్లేనో

సమాధానం:

టీచర్ గారూ,

ముందు ఆ వేలితో చూపించే సంగతి తేల్చేద్దాం. వద్దండీ. మీ అమ్మాయి మీ మీద ప్రేమతోనే అంది, కాదనను. కానీ ఇన్నేళ్ళు నోటితో బతికిన మనిషి కౌంటర్ ముందు నోరు మూసుకుని వేలు చూపించడం మొదలుపెడితే, ఇవాళ హోటల్లో, రేపు ఆసుపత్రిలో, ఎల్లుండి మనవడి స్కూల్లో అదే అలవాటవుతుంది. పరదేశంలో పెద్దవాళ్ళు మెల్లమెల్లగా మాట తగ్గించుకోవడం నేను చాలా ఇళ్ళలో చూశాను. మీకు ఆ పరిస్థితి రాకూడదు.

మీరు "క్వెసడిల్లా" అన్నది తెలియక అన్న మాట కాదు. తెలిసిన పద్ధతి ప్రకారమే చదివారు. క్యూ, యు కలిస్తే 'క్వ', రెండు ఎల్‌లు ఉంటే 'ల్ల'. మీరు పిల్లలకి నేర్పింది అదే. పైగా దానికి సాక్ష్యాలు కూడా ఉన్నాయి. ఐస్‌క్రీం దగ్గర 'వెనిల్లా' అంటాం, ఎవరూ నవ్వరు. 'గెరిల్లా' అంటాం, తెలంగాణ సాయుధ పోరాటం గురించి చదివిన వాళ్ళందరికీ గెరిల్లా దళాలంటే తెలుసు. ఈ రెండూ స్పానిష్ మాటలే, మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన కేసడీయా లాంటివే. మూడింటికీ చివర ఉన్నది ఒకే తోక.

ఆ తోక సంగతి కాస్త దగ్గరగా చూడండి, మీకు నచ్చుతుంది. మనం ముద్దుగానో చిన్నదనో చెప్పాలంటే ముందు 'చిట్టి', 'బుల్లి' చేరుస్తాం. స్పానిష్ వాళ్ళు చివర 'ఈయ' చేరుస్తారు. 'తోర్తా' అంటే కేకు లాంటిది, 'తోర్తీయ' అంటే చిట్టి తోర్తా. 'వైనా' అంటే ఒర, కత్తికి ఉండే ఒర లాంటిది. 'వైనీయ' అంటే చిట్టి ఒర. వెనిల్లా కాయని చూస్తే సన్నగా, పొడుగ్గా అలాగే ఉంటుంది. 'గెర్రా' అంటే యుద్ధం. 1808లో నెపోలియన్ సేనలు స్పెయిన్‌ని ఆక్రమించినప్పుడు ఊళ్ళవాళ్ళు గుంపులుగా కొండల్లోకి చేరి దెబ్బ తీసి తప్పుకునేవారు. ఆ పోరుకి 'గెరీయ' అని పేరు, అంటే చిట్టి యుద్ధం. స్పెయిన్ వైపు నిలబడి పోరాడిన ఇంగ్లీషు సైన్యం ద్వారా ఆ మాట ఇంగ్లీషులోకి, అక్కణ్ణుంచి మన తెలుగులోకి వచ్చింది. ఇక 'కేసో' అంటే జున్ను, అక్కడి వాళ్ళ చీజ్. కేసడీయా అంటే చీజ్ పెట్టిన చిన్న వంటకం.

మరి తోక ఒకటే అయినప్పుడు ఒకచోట 'ల్ల', ఇంకోచోట 'య' ఎందుకు? నాకు అర్థమైంది ఇది. ఒక భాషలోకి పరాయి మాట రెండు దారుల్లో వస్తుంది. కంటితో చదివితే వచ్చే మాట ఒకటి, చెవితో వింటే వచ్చే మాట ఒకటి. గెరిల్లాని ఇంగ్లీషువాళ్ళలో ఎక్కువమంది పత్రికల్లో చదివారు. వెనిల్లా ఓడల్లో, సరుకుల పట్టీల్లో వచ్చింది. చదివినవాళ్ళు వాళ్ళ అలవాటు ప్రకారం పలికారు, అదే స్థిరపడింది. తోర్తీయ అలా రాలేదు. దాన్ని చేసి పెట్టే మనిషి పక్కింట్లోనే ఉంది, ఆమె నోట విన్నాకే తిన్నారు. అందుకని రాత స్పానిష్‌దే మిగిలింది, పలుకూ స్పానిష్‌దే మిగిలింది. మీరు చెవి మాటని కంటితో చదివారు. జరిగింది అంతే.

చెవితో వచ్చిన మాటల్లో ఇంకో రకం ఉంది. మనవాళ్ళు 'హాస్పిటల్' విని 'ఆసుపత్రి' అన్నారు కదా, 'లాంటర్న్' విని 'లాంతరు' అన్నారు కదా, అలాంటివి. స్పానిష్‌లో బల్లిని, ఆ జాతి జంతువుల్ని 'లగార్తో' అంటారు. ముందు 'ఎల్' పెడితే 'ఆ బల్లి'. అమెరికా నీళ్ళలో మొసలి లాంటి జంతువుని చూపించి స్పానిష్ వాళ్ళు 'ఎల్ లగార్తో' అంటే, ఇంగ్లీషు నావికులు రెండు ముక్కలూ కలిపి ఒకే పేరనుకున్నారు. అదే ఎలిగేటర్. బొద్దింకని స్పానిష్‌లో 'కుకరాచా' అంటారు. వర్జీనియాకి వెళ్ళిన కెప్టెన్ జాన్ స్మిత్ 1624లో దాన్ని 'కకరూచ్' అని విన్నట్టు రాసుకున్నాడు. తర్వాత ఎవరి నోట్లోనో ముందు కోడిపుంజూ వెనక చేపా వచ్చి చేరి కాక్‌రోచ్ అయింది. ఆ పురుగుకీ కోడికీ చేపకీ ఏ సంబంధమూ లేదు. ఇంగ్లీషువాళ్ళ చెవి ఎంత తడబడిందో దాన్ని బట్టి తెలుస్తుంది. వాళ్ళ తడబాటు నిఘంటువుకి ఎక్కింది కాబట్టి ఇప్పుడు ఎవరూ నవ్వరు.

ఈ మాటలు ఇంగ్లీషులోకి ఎలా వచ్చాయని అడిగారు. మీరున్న టెక్సస్ మట్టుకు ప్రశ్నని తిప్పి అడగాలి. అక్కడ ఇంగ్లీషు కంటే ముందున్నది స్పానిష్. శాన్ ఆంటోనియో ఊరు 1718లో స్పానిష్ వాళ్ళు పెట్టింది. 1821లో మెక్సికో స్పెయిన్ నుంచి విడిపోయినప్పుడు టెక్సస్ మెక్సికోలో భాగం. 1836లో వేరుపడి, 1845లో అమెరికాలో కలిసింది. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు ఎక్కువగా వచ్చి స్థిరపడింది 1820ల తర్వాతే. వచ్చినవాళ్ళకి అంత పెద్ద బీళ్ళలో పశువుల మందలు మేపడం కొత్త. ఆ పని అప్పటికే అక్కడి మెక్సికన్ పశువుల కాపరులకి కొట్టినపిండి. స్పానిష్‌లో 'వాకా' అంటే ఆవు, 'వకేరో' అంటే ఆవులు కాసేవాడు. వాళ్ళ దగ్గర పనితో పాటు మాటలూ నేర్చుకున్నారు. రాంచ్, రోడియో, పశువుల దొడ్డికి కొరాల్, విసిరే తాడుకి లాసో, అడవి గుర్రానికి మస్టాంగ్, ఇవన్నీ వాళ్ళ మాటలే. వకేరో అనే మాటే ఇంగ్లీషు నోళ్ళలో 'బకరూ' అయింది, ఎందుకంటే స్పానిష్‌లో 'వ' దాదాపు 'బ'లా వినిపిస్తుంది. కౌబాయ్ అంటే అమెరికా గుర్తు అనుకుంటాం గానీ, ఆ మనిషి ఒంటి మీదా చేతిలోనూ ఉన్న సామాన్ల పేర్లలో సగం మెక్సికో నుంచి వచ్చినవే.

మీరున్న ఊరి పేరు కూడా చూడండి. 'ప్లానో' అంటే స్పానిష్‌లో చదునైనది. అక్కడి వాళ్ళు ప్లేనో అంటారు, మీరూ అలాగే అనండి. కొలరాడో అంటే ఎర్రనిది, నెవాడా అంటే మంచు కప్పినది, ఫ్లోరిడా అంటే పూలతో నిండినది. ఇవి మీ మనవడికి తెలుసో లేదో ఒకసారి అడిగి చూడండి. దోమ పేరు కూడా అడగండి. 'మోస్కా' అంటే ఈగ, 'మోస్కీతో' అంటే చిట్టి ఈగ. టోర్నడో సైరన్ మోగినప్పుడు బాత్రూంలో దాక్కోవడం అక్కడి పిల్లలకి అలవాటే కదా, ఆ మాట కూడా ఉరుముల వానకి స్పానిష్‌లో ఉన్న 'త్రోనాదా' అనే మాట, తిరగడం అనే అర్థమున్న 'తోర్నార్' కలిసిపోయి పుట్టింది. వాడు రోజూ స్పానిష్ మాట్లాడుతూనే ఉన్నాడు, ఆ సంగతి వాడికి తెలియదు.

ఇందులో ఇంకో పొర ఉంది. స్పానిష్ వాళ్ళూ వీటిలో చాలా మాటల్ని మోసుకొచ్చారే తప్ప పుట్టించలేదు. హరికేన్, బార్బెక్యూ, ఉయ్యాల మంచానికి వాడే హేమాక్, ఇవి కరీబియన్ దీవుల్లో ఉండే తైనో ప్రజల మాటలు. టమాటా, అవకాడో, చిల్లీ మెక్సికోలోని నావాత్ల్ భాషవి. కొలంబస్ దిగిన కొన్ని దశాబ్దాల్లోనే తైనో ప్రజలు రోగాలతో, వెట్టిచాకిరితో దాదాపుగా తుడిచిపెట్టుకుపోయారు. వాళ్ళ భాష మాట్లాడేవాళ్ళు మిగల్లేదు, మాటలు మాత్రం మన వంటింటి దాకా వచ్చాయి. నాకు ఇది రాస్తున్నా మనసు బరువవుతుంది.

ఇప్పుడు మీ జలపెనో దగ్గరికి వద్దాం. మెక్సికోలో వెరాక్రూస్ రాష్ట్రానికి రాజధాని హలాపా అనే ఊరు. ఆ ఊరిది కాబట్టి ఆ మిరపకాయ 'హలపేఞో'. మనం గుంటూరు మిర్చి అన్నట్టే. గుంటూరు పక్కన పుట్టి పెరిగిన మీకు ఇంతకన్నా చెప్పనక్కర్లేదు. దాన్ని రాసేటప్పుడు 'ఎన్' నెత్తిన ఒక మెలికగీత ఉంటుంది, చూశారా? అది మన ఞ. చవర్గ చివర్లో కూర్చుని, చిన్నప్పుడు పలక మీద దిద్దడానికి తప్ప ఒంటరిగా వాడని అక్షరం. స్పానిష్‌లో దానికి రోజూ పనే. రోమన్ లిపిలో దానికి చోటు లేక వాళ్ళు గీత పెట్టుకున్నారు. మీ దగ్గర నేరుగా అక్షరమే ఉంది.

అక్కడితో ఆగదు. 'తాకో' అనే మాటని స్పానిష్ వాళ్ళు మన 'త'తోనే పలుకుతారు. ఇంగ్లీషు నోటికి ఆ 'త' తిరగదు, 'టాకో' అంటారు. స్పానిష్ మాటలు చాలావరకు మన మాటల్లాగే అచ్చుతో ముగుస్తాయి. 'పెరో' అంటే 'కానీ', 'పెఱ్ఱో' అంటే కుక్క. 'గుఱ్ఱం' అని నొక్కి పలికితే చాలు, తేడా వచ్చేస్తుంది. అమెరికా పిల్లలు దానికోసం నాలుక మడతపెట్టి నెలల తరబడి కష్టపడతారు. మీ వయసు సంగతి అడిగారు కదా, మీ నోరు ఈ శబ్దాలన్నీ అరవై ఏళ్ళుగా పలుకుతూనే ఉంది.

గుర్తుపెట్టుకోవలసినవి నిజానికి నాలుగే. రెండు ఎల్‌లు కనిపిస్తే 'య'. 'జే' కనిపిస్తే 'హ'. క్యూ, యు కలిసి వస్తే 'క'. మెలికగీత ఉంటే ఞ. వీటితో మెక్సికన్ హోటల్ బోర్డుని చాలావరకు చదివేయొచ్చు. ఒక్క జాగ్రత్త: గీత లేనిచోట ఞ పెట్టకండి. హబనేరో అనే ఘాటు మిరపకాయ ఉంది, హవానా ఊరి పేరు మీద వచ్చింది. దానికి గీత లేదు. అయినా చాలామంది అమెరికన్లు హలపేఞో అలవాటులో దాన్ని కూడా 'హబన్యేరో' అంటారు. అది తప్పు. 'నో ప్రాబ్లెమో' అని సరదాగా అంటారు, అది స్పానిష్ కాదు, స్పానిష్‌లో 'ప్రొబ్లేమా'. 'మానో ఎ మానో' అంటే మనిషికి మనిషి అనుకుంటారు, 'మానో' అంటే చెయ్యి. పుట్టినప్పటి నుంచి ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళే ఇన్ని చోట్ల తప్పుతున్నారు.

ఊళ్ళ పేర్లకి మాత్రం ఈ నాలుగు సూత్రాలూ పట్టుకెళ్ళకండి. టెక్సస్‌లోనే అమరిల్లో అని ఊరుంది, స్పానిష్‌లో పసుపు అని అర్థం. సూత్రం ప్రకారం 'అమరీయో' అవ్వాలి. అక్కడి వాళ్ళంతా 'ల' తోనే పలుకుతారు. ఆస్టిన్‌లో గ్వాడలూపే వీధిని 'గ్వాడలూప్' అంటారు. ఊరి పేరు ఊరివాళ్ళది, వాళ్ళెలా అంటే అదే ఒప్పు. రాజమహేంద్రవరాన్ని రాజమండ్రి అన్నవాళ్ళని మనం దిద్దుతామా?

మీకు ఇంకో సంగతి చెప్పాలనుంది, ఎందుకంటే ఇందులో నా తప్పు కూడా ఉంది. పత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో ప్రతి వేసవి చివరా వానల వార్త వచ్చేది. 'ఎల్ నినో' అని ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ సంవత్సరం వానలు తక్కువ పడే ప్రమాదముందని రైతులకి చెప్పే మాట అది. అసలు అర్థం చాలా ఏళ్ళకి గానీ తెలుసుకోలేదు. 'నీఞో' అంటే పసిపిల్లాడు. ముందు 'ఎల్' చేరితే ఆ పసివాడు, అంటే బాల యేసు. పెరూ తీరంలో కొన్ని సంవత్సరాలు క్రిస్మస్ రోజుల్లో సముద్రం వేడెక్కి ఒక వెచ్చని ప్రవాహం వచ్చేది. పైటా రేవు నావికులు దానికి ఆ పేరు పెట్టుకున్నారు. కమీలో కారీయో అనే కెప్టెన్ 1892లో లిమాలోని భౌగోళిక సంఘానికి ఈ సంగతి చెప్పాడు. తర్వాత శాస్త్రవేత్తలు దీనికి ఎదురు పరిస్థితికి ఆడపిల్ల పేరు పెట్టారు, 'లా నీఞా' అని. మన రైతు ఆకాశం వైపు చూస్తూ తలుచుకునే పేరు పెరూ జాలర్ల పడవల్లో పుట్టింది. అర్థం తెలిసి ఉంటే వార్తలో ఒక్క వాక్యమైనా రాసేదాన్ని.

అలాగే 'పంచమాంగ దళం'. మన పత్రికల్లో ఇంటిదొంగల గురించి రాసేటప్పుడు ఇప్పటికీ కనిపిస్తుంది. ఏ పురాణం నుంచో వచ్చినట్టు ఉంటుంది. 1936లో స్పెయిన్ అంతర్యుద్ధంలో మాడ్రిడ్ మీదికి నాలుగు దళాలు నడిచాయి, నగరం లోపలే తమకి అయిదో దళం ఉందని దాడి చేసినవాళ్ళు ప్రకటించుకున్నారు. ఆ మాట వాళ్ళ జనరల్ మోలా అన్నాడని చెబుతారు. స్పానిష్ నుంచి ఇంగ్లీషుకి, ఇంగ్లీషు నుంచి మనకి తర్జుమా అయి వచ్చింది. అంటే టీచర్ గారూ, మీరు తెలుగు పేపరు చదువుతూ కూడా స్పానిష్ చదివారు.

ఇంకా దగ్గరి చుట్టరికం కావాలంటే, స్పానిష్‌కి తోబుట్టువైన పోర్చుగీసు మన ఇళ్ళలోనే ఉంది. మన 'మేస్త్రి' పోర్చుగీసు 'మెస్త్రే' నుంచి వచ్చింది. స్పానిష్‌లో అదే 'మాయెస్త్రో'. మెక్సికోలో ఇళ్ళు కట్టే పనివాళ్ళు తమలో అనుభవం ఉన్న మనిషిని 'మైస్త్రో' అని పిలుస్తారు. మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే నడకకి వెళ్ళినప్పుడు చెవి పెట్టి వినండి. 'తాపీ మేస్త్రి' అన్నట్టే వినిపిస్తుంది. మన 'పాదిరి' కూడా అంతే, స్పానిష్‌లో 'పాద్రే'.

ఇక మీ మనవడి విషయం. వాణ్ణి మందలించకండి, అలాగని నవ్వి ఊరుకోకండి. ఒక ఆదివారం కాగితం తీసుకుని ఇద్దరూ కూర్చోండి. వాడు ఒక్కో మాట పలకాలి, మీరు తెలుగులో రాయాలి: తాకో, తోర్తీయ, కేసదీయ, హలపేఞో. తర్వాత మీరు చూపిస్తారు, వాడు తెలుగు చదవాలి. ఇంగ్లీషు స్పెల్లింగ్ దాచేసిన శబ్దం తెలుగు అక్షరంలో ఎంత స్పష్టంగా కనిపిస్తుందో వాడే గమనిస్తాడు. తెలుగు అక్షరాలు ఎందుకు నేర్చుకోవాలని అడిగే పిల్లలకి ఇంతకంటే మంచి కారణం నాకు తట్టడం లేదు. వాడు మీకు మాట ఇస్తాడు, మీరు వాడికి అక్షరం ఇస్తారు.

ఆ కౌంటర్లో అమ్మాయి నవ్విందన్నారు. వెక్కిరించిందని అనుకుని బాధపడుతున్నారు. ఆమె ఇంటి భాష స్పానిషే అయితే, ఆమె కూడా రోజూ ఎవరో ఒకరి ముందు ఇంగ్లీషు మాట తప్పు పలికి తడబడే ఉంటుంది. ఈసారి వెళ్ళినప్పుడు ఆమె దగ్గరికే వెళ్ళి, బోర్డు వైపు చూడకుండా చెప్పండి, "కేసదీయ ఒకటి, హలపేఞో వేసి" అని. ప్లేటు అందుకున్నాక 'గ్రాసియాస్' అనండి. ద, ఞ రెండూ మన అక్షరాలే కాబట్టి మీ నోట దాదాపు వాళ్ళ ఇంట్లో పలికినట్టే వస్తాయి. ఆమె ఏమందో, మీ మనవడు ఞ ఎలా దిద్దాడో మళ్ళీ ఉత్తరం రాయండి.